మహసీర్‌కి గాలం వేసి, పట్టి, ప్రాణంతో వదిలేయడం ఎలా: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి A టు Z కాదు గానీ, నాకు తెలిసినంతా

ముందే చెప్తున్నా, చేప పట్టి పులుసు పెట్టుకుందాం అనుకుని ఇది ఓపెన్ చేసి ఉంటే ఇక్కడే ఆగిపోండి, కైకలూరు వైపు పోతే కావాల్సినంత బొచ్చె, శీలావతి దొరుకుద్ది. ఇది హిమాలయాల నదుల్లో ఉండే బంగారు మహసీర్ సంగతి. పట్టుకున్న ప్రతి చేపనీ అదే నీళ్ళల్లో అదే నిమిషంలో వదిలేయాలి, తూకం లేదు, కూర లేదు. ఎందుకంటే అది అంతరించిపోయే ప్రమాదం ఉన్న చేపల లిస్టులో ఉంది.

నేను చిన్నప్పుడు మా ఊరి కాలవ గట్టు మీద కూర్చుని వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి, వానపాము గుచ్చి, జల్లల కోసం సాయంత్రం దాకా బెండు వైపు చూసిన బాపతు. హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో పడ్డాక అదంతా పోయింది. తర్వాత ఎవరో వీడియో చూపిస్తే, నడుం దాకా నీళ్ళల్లో నిలబడి ఒకాయన రాడ్ పట్టుకుని ఒడ్డు వెంబడి పరిగెడుతున్నాడు, చేప ఆయన్ని లాక్కుపోతోంది. అంతే, ఇంక ఆగలేదు. ఇప్పటికి ఐదుసార్లు వెళ్ళా, మూడుసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చా. ఈ లెక్క ముందే చెప్తే మంచిది, ఎందుకంటే మూడు రోజులు నది ఒడ్డున నిలబడి ఒక్క చేప కూడా తగలకపోతే మీ తప్పు ఏమీ లేదు, ఇదింతే.

1. ముందు ఏ మహసీర్, ఏ నది అనేది తేల్చుకోండి

మహసీర్ అంటే ఒకటే చేప కాదు. అన్నీ టార్ అనే జాతివే, గండుచేప, రోహు కుటుంబమే, కాకపోతే పొలుసు అరచేతిలో సగం ఉంటుంది, పెదాలు లావు, ఒళ్ళంతా కండ. హిమాలయాల్లో ఉండేది టార్ పుతితోరా, ఒంటి మీద బంగారు రంగు, రెక్కలు పసుపు ఎరుపు కలిసినట్టు. ఉత్తరాఖండ్‌కి, హిమాచల్‌కి, అరుణాచల్‌కి ఇదే రాష్ట్ర చేప.

దక్షిణాదిలో పేరున్నది కావేరి మూపురం మహసీర్. 1946లో మైసూరులో ఉండే వాన్ ఇంగెన్ అనే ఆయన కబినిలో పట్టిన 120 పౌండ్ల చేప, అంటే 54 కేజీలు, ఇప్పటికీ అందరూ చెప్పుకునే రికార్డు. తమాషా ఏంటంటే బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి దాన్ని పడుతూ, ఫొటోలు దిగుతూ, గోడకి తలలు తగిలిస్తూనే ఉన్నారు గానీ దానికి సరైన శాస్త్రీయ నామం ఏంటనేది 2018లో గానీ తేలలేదు, టార్ రెమాదేవి అని. అప్పటికే అది అత్యంత ప్రమాదంలో ఉన్న చేప. దాని మీద పడిన దెబ్బల్లో ఒకటి మంచి ఉద్దేశంతో చేసిందే. లోనావ్లాలో 1970ల నుంచి హ్యాచరీలో నీలిరెక్కల మహసీర్ పిల్లల్ని లక్షల్లో పెంచి దేశమంతా పంచారు, కావేరిలో కూడా వదిలారు, అవి బాగా పెరిగి అసలు చేపకి చోటు లేకుండా చేశాయి.

ఆ నీలిరెక్కల చేపకీ మనకీ ఒక చుట్టరికం ఉంది. 1839లో సైక్స్ అనే ఆయన దాని గురించి మొదట రాసింది పుణె దగ్గర ములా ముఠా నదిలో దొరికిన చేపని చూసి, ఆ నీళ్ళు భీమలో పడి కృష్ణలో కలిసి మన దాకా వచ్చేవే. అంటే కృష్ణ వైపు అది ఇంటి చేప, కావేరిలో మాత్రం అద్దెకొచ్చి ఇల్లు ఆక్రమించిన బాపతు.

కావేరి అభయారణ్యం లోపల పాత క్యాంపుల్లో గాలం వేయడం ఎప్పుడో ఆపేశారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు ఉత్తరాఖండ్‌లో కుమావూ వైపు. రెండు చోట్లు చెప్తా. ఒకటి మర్చులా, రామ్‌నగర్ నుంచి 35 కిలోమీటర్లు అటూ ఇటూ, రామ్‌గంగా ఒడ్డున, అక్కడ నుంచి నది కిందికి కార్బెట్ అడవిలోకి పోతుంది. రెండోది పంచేశ్వర్, సరయూ వచ్చి కాళీ నదిలో కలిసే చోటు, అవతల ఒడ్డు నేపాల్. మర్చులా వెళ్ళడం తేలిక, పంచేశ్వర్‌లో చేపలు పెద్దవి. టనక్‌పూర్ దాకా వెళ్ళి అక్కడ నుంచి చంపావత్, లోహాఘాట్ మీదుగా కొండ రోడ్డు, లోహాఘాట్ దాటాక చివరి 40 కిలోమీటర్లు కడుపులో తిప్పుతుంది, బస్సెక్కే ముందు టాబ్లెట్ వేసుకోండి, నేను వేసుకోలేదు.

2. ఎప్పుడు వెళ్ళాలి

ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా, మళ్ళీ అక్టోబర్, నవంబర్. మధ్యలో వద్దు.

కారణం చెప్తా. మహసీర్ వానాకాలంలో గుడ్లు పెడుతుంది. నదికి నీళ్ళు రాగానే పెద్ద నదిలోంచి చిన్న పాయల్లోకి ఎదురీదుకుంటూ పైకి పోయి, గులకరాళ్ళ మధ్య పారే నీళ్ళల్లో గుడ్లు వదులుతుంది, ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. మన చెరువు చేపల లెక్కతో పోల్చండి, శీలావతి కేజీ బరువుకి రెండు మూడు లక్షల గుడ్లు ఇస్తుంది, సీడ్ వ్యాపారం తెలిసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. మహసీర్ కేజీకి కొన్ని వేలే. పైగా గుడ్లకి రావడానికే ఏళ్ళు పడుతుంది. కాబట్టి పది కేజీల ఆడ చేప ఒకటి పోతే ఆ పాయకి పడే దెబ్బ మామూలుది కాదు. మే వచ్చేసరికి ఆ పెద్ద చేపలన్నీ సంగమాల దగ్గర పైకి పోవడానికి గుంపుగా ఎదురు చూస్తుంటాయి, పట్టడం చాలా ఈజీ, కొంతమంది కావాలనే అప్పుడు వెళ్తారు. నా దృష్టిలో అది పురిటికి వెళ్ళేవాళ్ళని దారిలో ఆపి అల్లరి చేయడం.

ఇంకో లెక్క నీళ్ళ రంగు. కాళీ, గంగ లాంటివి మంచు కరిగిన నీళ్ళు తెచ్చే నదులు, ఎండలు ముదిరేకొద్దీ బూడిద రంగులోకి, పాల టీ రంగులోకి మారిపోతాయి, చల్లగా ఉంటాయి. రామ్‌గంగా, సరయూ, నయార్ లాంటివి వాన మీద, ఊటల మీద బతికే నదులు, తేటగా, కాస్త వెచ్చగా ఉంటాయి. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ఐదో స్టెప్‌లో దీంతోనే పని.

3. పర్మిట్: దీనికి బద్ధకించారంటే మిగతా అంతా దండగ

నేషనల్ పార్క్, అభయారణ్యం లోపల గాలం వేయడం నేరం, మర్చులా దగ్గర కార్బెట్ సరిహద్దు ఎక్కడ మొదలవుద్దో ముందే కనుక్కోండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే ఆ డివిజన్ అటవీ అధికారి, అంటే డీఎఫ్‌ఓ ఆఫీసు పర్మిట్ ఇవ్వాలి. నదిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కని బీట్ అంటారు, మీ పర్మిట్ మీ బీట్‌కే. రూల్స్ ఏడాదికోసారి మారిపోతుంటాయి, నిరుడు ఇచ్చిన బీట్ ఈ ఏడు మూసేయొచ్చు, కాబట్టి టికెట్లు బుక్ చేసుకోకముందే ఆఫీసుకి ఫోన్ చేయండి, హిందీలో మాట్లాడితే మర్యాదగానే చెప్తారు.

నా రెండో ట్రిప్‌లో జరిగింది ఇది. ఒక క్యాంపు వాళ్ళు పర్మిట్ అంతా మేమే చూసుకుంటాం సర్, మీరు రాడ్ పట్టుకుని వస్తే చాలు అన్నారు, డబ్బులు ముందే తీసుకున్నారు, నేను కాగితం అడగలేదు. రెండో రోజు పొద్దున్నే ఫారెస్ట్ గార్డు వచ్చి కాగితం అడిగితే క్యాంపు కుర్రాడు ప్లాస్టిక్ కవర్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. గార్డు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నాకే చూపించాడు, పోయిన ఏడాది తేదీ, వేరే ఎవరో గుప్తా పేరు. రాడ్ తీసుకెళ్ళిపోతాడేమో అనుకున్నా. పెద్దాయన, నా మొహం చూసి జాలి పడి, మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపొమ్మన్నాడు. మూడు రోజుల ట్రిప్ ఒకటిన్నర రోజులో అయిపోయింది.

అందుకని కాగితం మీ చేతిలో ఉండాలి. దాని మీద మీ పేరు, తేదీలు, బీట్, ఎన్ని రాడ్లు, ఇవి నాలుగూ చదవండి. ఎర మీద ఏం రాశారో కూడా చూడండి, చాలా చోట్ల బతికున్న ఎర వాడనివ్వరు. పంచేశ్వర్‌లో అయితే ఆధార్ జేబులోనే ఉంచుకోండి, అది బోర్డర్, జవాన్లు అడుగుతారు. నది మధ్యలోకి వెళ్ళి అవతల ఒడ్డు మీద సెల్ఫీ లాంటి పనులు వద్దు.

4. సామాను

ఇక్కడ జనం డబ్బులు తగలేస్తారు, నేనూ తగలేశా, కాబట్టి పొట్టిగా చెప్తా.

రాడ్ ఎనిమిది, తొమ్మిది అడుగుల స్పిన్నింగ్ రాడ్, మీడియం హెవీ, 15 నుంచి 40 గ్రాముల ఎర విసరగలిగేది. రీల్ 5000 సైజు, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ని బిగువు మీద వదిలే బ్రేకు) మెత్తగా వదిలేది ఉండాలి, షాపులోనే లైన్ చేత్తో లాగి చూడండి, గతుకులు గతుకులుగా వస్తే వద్దు. లైన్ 40 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన దారం, కనీసం రెండు వందల మీటర్లు. దాని చివర ఒకటిన్నర మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి తట్టుకునే ముక్క), ఎందుకంటే బ్రెయిడ్ ఎంత గట్టిదైనా బండరాయి అంచుకి రాసుకుందంటే బ్లేడుతో కోసినట్టు తెగుద్ది. ఫ్లై ఫిషింగ్ వచ్చినవాళ్ళు ఎనిమిది నుంచి పది వెయిట్ రాడ్, చిన్న చేపలా కనిపించే స్ట్రీమర్లు. రానివాళ్ళు మొదటి ట్రిప్‌లోనే అది నేర్చుకుందాం అనుకోవద్దు, చెవికి కొక్కెం గుచ్చుకుంటుంది.

సన్న లైన్ వేసి చేపని గంటసేపు ఆడించడం గొప్ప అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ గంట చేప ఒంట్లో శక్తి అంతా అయిపోద్ది, వదిలాక ఎక్కడో కింద మడుగులో వెల్లకిలా తేలుద్ది, మీరు చూడరు కాబట్టి మీకు తెలీదు. బరువు సామాను వాడేది మన గొప్పకి కాదు, త్వరగా ఒడ్డుకి తేవడానికి.

ఇప్పుడు అసలు సంగతి, కొక్కేలు. మహసీర్ దవడలో పళ్ళు ఉండవు, వేలు పెట్టి చూస్తే మెత్తగా ఉంటుంది. పళ్ళన్నీ గొంతులో ఉంటాయి. రాళ్ళకి పట్టిన నత్తల్ని, గవ్వల్ని, ఒడ్డున మేడి చెట్ల నుంచి రాలిన కాయల్ని ఆ గొంతు పళ్ళతోనే నలిపేస్తుంది. దాంతో షాపులో కొన్న స్పూన్ ఎరకి (చెంచాలా ఉండే రేకు ఎర) ఉండే మూడు ముళ్ళ కొక్కెం దాని నోట్లో పడితే వంకర తిరిగి బయటికొస్తుంది. నా టేబుల్ మీద ఒకటుంది, మూడు ముళ్ళూ మూడు దిక్కులకి తెరుచుకుని, తొక్కేసిన తుమ్మ ముల్లులా. దాని బదులు గట్టి సింగిల్ కొక్కెం ఒకటి వేయండి, దాని కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ఎదురు ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చేసేయండి. ఎదురు ముల్లు లేకపోతే చేప జారిపోద్ది కదా అని అందరూ అడుగుతారు. లైన్ బిగువుగా ఉన్నంతసేపు జారదు, లైన్ వదులైతే ముల్లున్నా జారుద్ది. తీసేటప్పుడు మాత్రం ఒక్క తిప్పుకి వచ్చేస్తుంది, చేపకైనా మీ బొటన వేలికైనా.

ఎర విషయానికి వస్తే 18, 20 గ్రాముల స్పూన్లు రెండు రాగి రంగువి, రెండు వెండి రంగువి, చేపపిల్లలా ఉండే ప్లగ్‌లు రెండు మూడు. అంతకన్నా అక్కర్లేదు. ఇంకా పొడుగు ముక్కు ప్లయర్, ముడులు లేని రబ్బరు వల, టేపు, గ్రిప్ ఉన్న బూట్లు, సన్‌గ్లాసెస్, అవి స్టైల్‌కి కాదు, పోలరైజ్డ్ అయితే నీళ్ళ లోపల రాళ్ళు కనిపిస్తాయి.

వెళ్ళడానికి నెల ముందు ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కొక్కెం తీసేసి స్పూన్ మాత్రం విసరడం, ఒక బకెట్ పెట్టి దాని దగ్గర పడేలా చూసుకోవడం. నన్ను చూసి మా వాచ్‌మన్ ఏం సార్ పావురాలకా అన్నాడు. రెండోది, పాత రబ్బరు చెప్పుకి కొక్కెం గుచ్చి, తడి చేత్తో, టైమర్ పెట్టుకుని ప్లయర్‌తో తీయడం. ఐదు సెకన్ల లోపు వచ్చేదాకా చేయండి. ముడి వేయడం కూడా కళ్ళు మూసుకుని రావాలి, ఎందుకంటే పొద్దున ఐదింటికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి.

5. నదిని చదవడం

చెరువులో గాలం వేసినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది, మడుగు మధ్యలో విసిరేసి కూర్చుంటారు. మహసీర్ నీళ్ళు ఉరికే చోట, ఆ ఉరుకుడు తగ్గి మడుగులోకి దిగే మెడ దగ్గర, పెద్ద బండ వెనక నీళ్ళు సుడి తిరిగే చోట, మడుగు చివర మళ్ళీ పల్చబడే చోట ఉంటుంది. దానికి తిండి ప్రవాహమే తెచ్చి పెడుతుంది, అది ప్రవాహం పక్కన శ్రమ లేని చోట నిలబడి చూస్తూ ఉంటుంది.

పంచేశ్వర్ సంగమం దగ్గర నిలబడితే ఇదంతా కళ్ళ ముందు కనిపిస్తుంది. ఎడమ పక్క నుంచో కుడి పక్క నుంచో అన్నది మీరు నిలబడిన ఒడ్డుని బట్టి, ఒక పక్క సరయూ తేటగా పచ్చగా వస్తుంది, ఇంకో పక్క కాళీ బూడిద రంగులో వస్తుంది, కలిసిన చోట వెంటనే కలవవు, కొంత దూరం రెండు రంగులూ పక్కపక్కనే పోతాయి, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీతే మీ చోటు. చిన్న చేపలు తేట వైపు తిరుగుతుంటాయి, మహసీర్ మసక వైపు దాక్కుని గీత దాటి వచ్చి కొట్టి వెనక్కి పోతుంది. స్పూన్‌ని కాస్త ఎగువకి, తేట వైపు విసిరి, ప్రవాహం దాన్ని విల్లులా తిప్పుకుంటూ గీత దాటించేలా వదలండి, రీల్ నిదానంగా, లైన్ బిగువు పోకుండా తిప్పితే చాలు. దెబ్బ ఎక్కువసార్లు ఆ తిరుగుడు చివర్లో పడుద్ది. ఒక చోట నాలుగైదు సార్లు విసిరి రెండు అడుగులు కిందికి జరగండి, మళ్ళీ విసరండి. ఇలా ఒడ్డంతా దువ్వుకుంటూ పోవాలి.

టైమ్ అంటే తెల్లారే ముందు నుంచి ఎండ నీళ్ళ మీద పడేదాకా, మళ్ళీ ఎండ కొండ వెనక్కి పోయాక చీకటి పడేదాకా. మధ్యాహ్నం పడుకోండి. నీడ నీళ్ళ మీద పడనివ్వొద్దు, రాళ్ళు దొర్లించొద్దు, ముదురు చేప మన అడుగుల చప్పుడు మనకన్నా ముందు పసిగడుతుంది.

లోకల్ గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి. కుమావూలో అన్నయ్యని దాజ్యూ అంటారు, నేను మా గైడ్‌ని అలాగే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సర్ అనడం మూడో రోజుకి గానీ మానలేదు. ఒక సాయంత్రం నేను స్పూన్లు మార్చి మార్చి విసుగొచ్చి కూర్చుంటే ఆయన నీళ్ళ వైపు చూడకుండా ఒడ్డున తడి రాయి వైపు చూసి, పైకి వచ్చేయండి అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. పది నిమిషాల్లో నేను కూర్చున్న బండ సగం మునిగింది. పైన కాళీలో కలిసే ధౌలిగంగా మీద పవర్ ప్రాజెక్ట్ ఉంది, అలాంటి నదుల్లో వాన లేకుండానే నీళ్ళు పెరుగుతాయి. కాబట్టి నీళ్ళ అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని మధ్యమధ్యలో చూస్తూ ఉండండి, తడి గీత పైకి జరిగిందంటే మీరూ పైకే. నడుం దాటి లోపలికి దిగొద్దు, ఈత వచ్చినా సరే.

6. తగిలాక

చేప కొరికినట్టు ఉండదు, ఎవరో రాడ్‌ని గుంజుకున్నట్టు ఉంటుంది. మొదటి పరుగు యాభై అరవై మీటర్లు ఒక్క ఊపున, కింది ప్రవాహంలోకి పోతుంది, రీల్ కుయ్యిమని అరుస్తుంది. కంగారులో డ్రాగ్ బిగించేస్తారు అందరూ, అదే తప్పు, లైన్ టప్పుమంటుంది. పోనివ్వండి. రాడ్ ఎత్తి పట్టుకోండి, లైన్ బండలకి తగలకుండా, ఒడ్డు వెంబడి మీరూ దాని వెనకే నడవండి, పరిగెత్తితే నాచు రాయి మీద పడతారు. పరుగు ఆగిన క్షణం నుంచి మీ వంతు, అప్పుడు రాడ్‌ని పక్కకి వంచి లాగండి, పైకి కాదు, పక్కకి లాగితే చేప బ్యాలెన్స్ తప్పి తల తిప్పుతుంది. మళ్ళీ పరుగు పెడుతుంది, మళ్ళీ వదలండి. రెండో పరుగు చిన్నది, మూడోది ఇంకా చిన్నది. పల్చటి నీళ్ళు, ఇసుకో సన్న గులకో ఉన్న చోటు ముందే చూసుకుని అక్కడికి నడిపించండి.

7. వదలడం: ఇది రాకపోతే ఆరో స్టెప్ దాకా రాకండి

నా మొదటి చేప మర్చులాలో. ఏడు కేజీలు ఉంటుందేమో. నేను దాన్ని ఒడ్డుకి తెచ్చి, రెండు చేతులతో ఎత్తి, ఎండకి కాలిన రాళ్ళ మీద పడుకోబెట్టా. పక్కనున్న గైడు ఏమీ అనలేదు, వాడికి కావాల్సింది టిప్పు. ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు ఎక్కడో వెనక బండ మీద ఉంది. వాడు వెళ్ళి తెచ్చి, పాస్‌వర్డ్ అడిగి, నేను చెప్పి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా, ఇంకొకటి టోపీ పెట్టుకుని. చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. రాళ్ళకి అంటుకుని పొట్ట మీద జిగురు పొర ఊడి నా చేతికొచ్చింది, తర్వాత ఎంత కడిగినా సాయంత్రం దాకా వాసన పోలేదు. నీళ్ళల్లో పెట్టి తోస్తే ఒక గజం పోయి పక్కకి ఒరిగింది. పట్టుకుని నిలబెట్టా, మళ్ళీ ఒరిగింది. అలా ఇరవై నిమిషాలు. చివరికి ప్రవాహం లాక్కుపోయింది, అది ఈదలేదు, కొట్టుకుపోయింది. ఆ ఫొటోలు ఫోన్లోనే ఉన్నాయి, ఎవరికీ చూపించలేదు.

కాబట్టి ఆ రోజు నేను చేయకుండా వదిలేసినవి, మీరు చేయాల్సినవి ఇవి.

చేప నీళ్ళల్లోంచి బయటికి రావాల్సిన పనే లేదు. వలలోకి తీసుకుని, వలని మోకాలి లోతు నీళ్ళల్లోనే ఉంచి, తడి చేతులతో, చేప తల నీళ్ళల్లో ఉండగానే ప్లయర్‌తో కొక్కెం తీయండి. కొక్కెం మరీ లోపల దిగిపోతే లాగొద్దు, లైన్ దగ్గరగా కత్తిరించేయండి. మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు, పెదవి పట్టి నిలువుగా వేలాడదీయొద్దు, బరువంతా వెన్ను మీద పడుద్ది.

ఫొటో కావాలంటే తీసుకోండి, నేను వద్దనను. ఫోన్ ముందే అన్‌లాక్ చేసి అవతల మనిషి చేతిలో పెట్టి, అతను మోకాళ్ళ మీద కూర్చుని ఫోకస్ పెట్టుకున్నాక, ఒక చేయి తోక మొదట్లో, ఒక చేయి ఛాతీ కింద వేసి, నీళ్ళ మీదికి జానెడు ఎత్తు లేపి, మీరు ఊపిరి బిగబట్టుకోండి. మీకు ఊపిరి ఆడనట్టు అనిపించేలోపు దింపేయండి, దానికీ అంతే. మొత్తం పది సెకన్లు. నీళ్ళు కారుతున్న చేప ఫొటో ఎండిన చేప ఫొటో కన్నా బాగుంటుంది కూడా.

బరువు కావాలంటే కొక్కేనికి వేలాడదీయకుండా టేపు వేయండి. ముక్కు నుంచి తోక దాకా పొడవు, లావు ఎక్కువున్న చోట చుట్టుకొలత, రెండూ అంగుళాల్లో. చుట్టుకొలతని చుట్టుకొలతతో, తర్వాత పొడవుతో గుణించి 800తో భాగిస్తే పౌండ్లలో ఉజ్జాయింపు బరువు వస్తుంది. 36 అంగుళాల పొడవు, 20 అంగుళాల చుట్టు ఉంటే 18 పౌండ్లు, అంటే ఎనిమిది కేజీల పైచిలుకు. ఒకట్రెండు పౌండ్లు అటూ ఇటూ అవుద్ది, అవనివ్వండి.

వదిలే ముందు ఒక పరీక్ష. నీళ్ళల్లోనే చేపని మెల్లగా పక్కకి ఒరిగించి వదిలి చూడండి. మూడు సెకన్లలో అదే నిటారుగా తిరిగితే బాగున్నట్టు. తిరగలేదంటే అలసిపోయింది, ఎదురు ప్రవాహానికి మొహం పెట్టి, మరీ ఉరికే నీళ్ళల్లో కాకుండా, రెండు చేతులతో నిలబెట్టండి. ముందుకీ వెనక్కీ ఊపుతారు కొంతమంది, అక్కర్లేదు, వెనక్కి లాగితే మొప్పల్లో నీళ్ళు ఎదురు పోతాయి. ఊరికే పట్టుకుని ఉండండి. తోక పట్టుకున్న చేతిలో ముందు చిన్న వణుకు తెలుస్తుంది, తర్వాత తోక మీ పిడికిలిని తోస్తుంది. రెండోసారి తోసినప్పుడు పిడికిలి వదలండి, మొహం నిండా నీళ్ళు కొట్టి పోతుంది.

8. తిరిగొచ్చాక, ఇంకా కొన్ని

ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, వెనకాల కొండ, వంతెన గుర్తుపట్టేలా ఉంటే కత్తిరించండి. ఇది చాదస్తం కాదు. ఒక మడుగులో పెద్ద చేపలున్నాయని తెలిస్తే వచ్చేది గాలం వాళ్ళు మాత్రమే కాదు. రాత్రి పూట డైనమైట్ వేసేవాళ్ళు, బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్ళు, సన్న కన్ను వలలు వేసేవాళ్ళు ఉన్నారు, ఒక్క పేలుడుకి పిల్లలతో సహా మడుగు మొత్తం తేలిపోద్ది. ఒడ్డున చచ్చిన చిన్న చేపలు కుప్పగా కనిపిస్తే వెంటనే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి, మీరు వెళ్ళి గొడవ పడొద్దు.

డ్యామ్‌ల సంగతి ఇక్కడ రాస్తే ఇంకో పోస్టు అవుద్ది. చేప పైకి పోవడానికి దారి కావాలి, అడ్డంగా గోడ కడితే దానికి పురిటిల్లు పోయినట్టే. మనం నిలబడే ఆ పంచేశ్వర్ సంగమం దగ్గరే 1996 నాటి భారత్ నేపాల్ ఒప్పందం ప్రకారం మూడు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు డ్యామ్ ప్లాన్‌లో ఉంది. ఇంకా కట్టలేదు. కడితే పైన చెప్పిన రెండు రంగుల గీత నీళ్ళ అడుగుకి పోద్ది.

ఇంట్లో వాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు, గాలం అంటే ఇష్టం లేనివాళ్ళు గరుడ్ దగ్గర బైజ్‌నాథ్ గుడికి వెళ్ళండి, గోమతి ఒడ్డున. ఈ గోమతి బాగేశ్వర్‌లో సరయూలో కలిసి, ఆ సరయూనే కిందకి పంచేశ్వర్ వస్తుంది. గుడి మెట్ల దగ్గర చేపల్ని ఎవరూ ముట్టరు, మోచేయంత మహసీర్లు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. మా అమ్మని తీసుకెళ్తే ఆవిడ ఓ గుప్పెడు వేసి, మెట్టు దాకా వచ్చి నోళ్ళు తెరిచిన చేపల్ని చూసి, ఇంత తేలిగ్గా వస్తుంటే నువ్వు మూడు రోజులు అక్కడ నిలబడి ఏం చేస్తావురా అంది. నా దగ్గర సమాధానం లేదు.

సామాను ఇంటికి తెచ్చాక వల, బూట్లు కడిగి ఎండలో బాగా ఆరబెట్టండి, ఒక నదిలో తడిసినవి తడిగానే ఇంకో నదిలో దింపొద్దు, రోగాలు, నాచు ఇలాగే ప్రయాణం చేస్తాయి. రీల్ డ్రాగ్ వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి వాషర్లు నొక్కుకుపోతాయి. లీడర్ చివరి మీటరు కత్తిరించి పారేయండి, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ రాళ్ళకి గీసుకుని ఉంటుంది, గోటితో జారిస్తే తెలుస్తుంది. అక్టోబర్‌కి వెళ్ళాలనుకుంటే జూలైలోనే డీఎఫ్‌ఓ ఆఫీసుకి ఫోన్ చేయడం మొదలుపెట్టండి, మొదటి రెండు సార్లు ఎవరూ ఎత్తరు.